ఎనర్జీ ప్రాజెక్టు బల్ల మీద మోడల్ కన్నా ముందు లాగ్ బుక్ కనిపించాలి

జిల్లా స్థాయి బాలల సైన్స్ కాంగ్రెస్ జరిగే హాల్లో ఎనర్జీ ప్రాజెక్టులు ఏ వైపు ఉన్నాయో ఎవరినీ అడగక్కర్లేదు. గుమ్మంలోంచే గాలిమరలు కనిపిస్తాయి. థర్మోకోల్ ఊరు, పచ్చరంగు వేసిన పొలాలు, ఇళ్ల మీద నల్ల కాగితంతో చేసిన సోలార్ ప్యానెళ్లు, వీధి స్తంభాలకు ఎల్‌ఈడీలు. దగ్గరికి వెళ్లి చూస్తే గాలిమర గాలికి తిరగడం లేదని తెలుస్తుంది. అట్ట కింద బ్యాటరీ, చిన్న మోటారు ఉంటాయి. గాలి నుంచి కరెంటు ఎలా వస్తుందో చూపడానికి పెట్టిన వస్తువు కరెంటు ఖర్చు పెట్టి తిరుగుతోంది. పక్కన నిలబడ్డ పిల్లవాడు మాత్రం నేర్పిన పాఠం నేర్పినట్టు గడగడా చెబుతుంటాడు. అది చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. పిల్లవాడిలో లోపం ఉండి కాదు, వాడి చేత మనం చేయించింది అదే కాబట్టి.

నేను పెద్దపల్లి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. కొన్నేళ్లు గైడ్ టీచర్‌గా పిల్లల్ని తీసుకెళ్లాను, కొన్నేళ్లు అటువైపు కూర్చుని మార్కులు వేశాను. ఈ మధ్య ఒక తోటి టీచర్‌తో దీని మీద పెద్ద వాదనే జరిగింది. ఆమె అన్నది ఇది: "సార్, ఎనర్జీ అంటే ఏదో ఒకటి తిరగాలె, ఏదో ఒకటి వెలగాలె. కాగితాలు పెట్టుకొని కూర్చుంటే మన బల్ల దగ్గర ఎవరు ఆగుతరు?" అప్పటికప్పుడు నేనిచ్చిన జవాబు నాకే చాలలేదు. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎనర్జీ మీద పిల్లలు చేసే ప్రాజెక్టుకు ప్రాణం కొలతలో ఉంటుంది. ఎనర్జీ కంటికి కనిపించదు. దాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టినప్పుడే అదేమిటో తెలుస్తుంది. కాబట్టి ప్రదర్శన తయారీ చార్టులతో కాదు, రోజూ తీసిన కొలతలు రాసుకునే లాగ్ బుక్‌తో మొదలుకావాలి. బల్ల మీద మొదట కనిపించేది కూడా అదే అయితే మంచిది.

1993 నుంచి నడుస్తున్న ఈ సైన్స్ కాంగ్రెస్ అడిగేది కూడా ఇదే. తమ ఊళ్లో ఒక ప్రశ్న పట్టుకుని, కొన్నాళ్లు వివరాలు సేకరించి, వచ్చింది చెప్పమంటుంది. లాగ్ బుక్ తప్పనిసరి. 2012, 2013 సంవత్సరాల్లో ప్రధానాంశమే ఎనర్జీ. మోడల్ కావలసిన వేదిక వేరే ఉంది. ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర పథకంలో ఎంపికైన పిల్లలకు 10,000 రూపాయలు ఇచ్చేది ఆలోచనను నమూనాగా చేసి చూపమనే. ఆ రెండిటినీ మనం కలిపేశాం. పోస్టర్లు ఉండాల్సిన చోటికి థర్మోకోల్ ఊళ్లు వచ్చాయి, లాగ్ బుక్ సంచిలోకి పోయింది.

అడుగులతో కరెంటు

ఏటా తప్పకుండా కనిపించే ప్రాజెక్టు ఒకటుంది. చెక్క పలక కింద, నొక్కితే కరెంటు పుట్టించే బిళ్లల్లాంటి పీజో ముక్కలు అతికించి, దాని మీద అడుగు వేస్తే ఎల్‌ఈడీ తళుక్కుమనేలా చేస్తారు. చార్టు మీద "రైల్వే స్టేషన్లలో, బస్టాండ్లలో ఇవి పెడితే కరెంటు కష్టాలు తీరతాయి" అని ఉంటుంది. చూసినవాళ్లంతా చప్పట్లు కొడతారు.

ఒకసారి ఆ బల్ల దగ్గర ఉన్న అమ్మాయిని "నీ బరువెంతమ్మా?" అని అడిగాను. 45 కిలోలంది. అడుగు వేస్తే పలక ఎంత కిందికి దిగుతుందని అడిగితే స్కేలు పెట్టి చూసి అర సెంటీమీటరంది. అక్కడే కాగితం మీద గుణించమన్నాను. 45ను 9.8తో, దాన్ని 0.005 మీటర్లతో గుణిస్తే సుమారు 2.2 జౌళ్లు. దారిలో ఏమీ పోకుండా మొత్తం కరెంటుగా మారినా అడుగుకు వచ్చేది అంతే. ఒక మామూలు సీలింగ్ ఫ్యాన్ సెకనుకు 75 జౌళ్లు, అంటే 75 వాట్లు, తీసుకుంటుంది. అంటే ఒక్క ఫ్యాన్ తిరగాలంటే సెకనుకు ముప్ఫై నాలుగు అడుగులు పడుతూనే ఉండాలి.

లెక్క పూర్తయ్యాక ఆ అమ్మాయి ముఖం చిన్నబోతుందేమోనని భయపడ్డాను. అలా జరగలేదు. "సార్, అయితే ఇది ఫ్యాన్‌కు పనికిరాదు గానీ, ఎవరైనా లోపలికొస్తే తెల్వడానికి పనికొస్తది కదా" అంది. ఏడాదంతా వాళ్ల టీచరు చెప్పినదానికన్నా, చార్టు మీద రాసినదానికన్నా ఆ మాట గొప్పది. ఒక్క గుణకారంతో తన వస్తువు ఎంత పని చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకుంది. అదే లెక్క రెండు నెలల ముందు స్కూల్లో చేయించి ఉంటే ఆమె చార్టు శీర్షిక మారిపోయేది. "అడుగుతో కరెంటు ఎంత వస్తుంది, దేనికి సరిపోతుంది?" అని ఉండేది. అప్పుడు అదే పలక, అవే పీజో ముక్కలు మంచి ప్రాజెక్టు అయ్యేవి.

స్పీడ్ బ్రేకర్ కరెంటు కూడా ఇంతే. బండి ఎక్కి దిగినప్పుడు వచ్చే శక్తి ఆ బండి పెట్రోలులోంచే వస్తుందని ఎవరూ చార్టు మీద రాయరు. ఇక మోటారుతో జనరేటర్ తిప్పి, ఆ కరెంటుతోనే మళ్లీ మోటారు తిప్పుతామని చెప్పే "ఫ్రీ ఎనర్జీ" యంత్రాల సంగతి వేరే చెప్పాలా? వీడియోలు చూసి తయారుచేస్తున్నారు. పాఠ్యపుస్తకంలో శక్తిని కొత్తగా పుట్టించలేం అనే శక్తి నిత్యత్వ నియమం చదివిన పిల్లల చేతే దానికి ఎదురుగా ఉన్న వస్తువును వేదిక మీద పెట్టిస్తున్నాం. బ్యాటరీ ఎక్కడ దాచారో వెతకడం న్యాయనిర్ణేతల పని కాకూడదు. గైడ్ టీచరే బడిలో "ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికొచ్చింది, కొలిచి చూపించు" అనగలగాలి.

అంకెలు పెడుతున్నాం కదా అనేవాళ్లున్నారు. నిజమే, మా వైపు పిల్లల చార్టుల మీద అంకెలకు కొదవ లేదు. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్లు, అక్కడి రిజర్వాయర్ మీద తేలే సోలార్ 100 మెగావాట్లు. పొగగొట్టాలు మా బడి డాబా మీంచి కనిపిస్తాయి కూడా. కానీ ఆ చార్టు పట్టుకున్న పిల్లవాణ్ని "మీ క్లాస్‌రూమ్ ఫ్యాన్ ఎన్ని వాట్లు?" అని అడగండి. పైకి చూస్తాడు, టీచర్ వైపు చూస్తాడు. తన తల మీద తిరిగేదాని అంకె తెలియనప్పుడు 2600 మెగావాట్లు వాడికి ఒక పెద్ద శబ్దం మాత్రమే.

దుమ్ము ప్యానెల్

మా ఊరి రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుతాయి. ఇళ్ల ముందు ఉతికి ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు వస్తాయి. తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరు ఒకసారి అడిగారు: "సార్, గీ దుమ్ముల సోలార్ పెడితే పనిచేస్తదా?" ప్రశ్న వాళ్లదే. నేను చేసిందల్లా చిన్న ప్యానెళ్లు రెండు, ఒక మల్టీమీటర్ తెప్పించి ఇవ్వడం. రెండు ప్యానెళ్లనూ డాబా మీద పక్కపక్కన ఒకే వాలులో పెట్టారు. ఒకదాన్ని రోజూ తడిబట్టతో తుడుస్తారు, రెండోదాన్ని ముట్టుకోరు. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టగానే రెండిటి కరెంటూ మిల్లీయాంపియర్లలో రాసుకుంటారు. మబ్బు పట్టినా ఎండ కాసినా రెండిటికీ ఒకటే కాబట్టి దుమ్ముదాన్ని తుడిచినదానితో భాగిస్తే చాలు, మబ్బు సంగతి పట్టించుకోనక్కర్లేదు. ఈ భాగించడం అన్న ఆలోచన వాళ్లకు రావడానికి చాలా రోజులు పట్టింది. అప్పటిదాకా "నిన్న ఎక్కువొచ్చింది, ఇయాల తక్కువొచ్చింది" అని గందరగోళపడుతూనే ఉన్నారు. ఆ గందరగోళం పేజీలు కూడా లాగ్ బుక్‌లో అలాగే ఉన్నాయి.

గ్రాఫు మెల్లగా కిందికి దిగుతూ వచ్చింది. ఇంతలో ఒక సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. దుమ్ము పోయి ఉంటుంది, కరెంటు పెరుగుతుంది అనుకున్నారు. మర్నాడు చూస్తే ఇంకా తగ్గింది. చినుకులు దుమ్మును కడగలేదు, బురద చుక్కలుగా అతికించాయి. ఆ తర్వాత ఒక రాత్రి గట్టి వాన పడింది. గ్రాఫు ఒక్కసారిగా పైకి లేచి దాదాపు మొదటికొచ్చింది.

చార్టు గీసే రోజు వచ్చింది. చూసినవాళ్లంతా, నాతో పనిచేసే ఒక సీనియర్ మాస్టారు సహా, ఆ వాన రోజులు తీసేయమన్నారు. "దుమ్ము పెరిగితే కరెంటు తగ్గుతుంది అని నీట్‌గా ఒక గీత ఉంటే జడ్జీలకు అర్థమవుతుంది, ఈ మెలికలెందుకు?" అన్నారు. అందులో చెడు ఉద్దేశం లేదు. పిల్లలకు మార్కులు రావాలనే ఆయన ఆరాటం. అమ్మాయిలు నా వైపు చూశారు. నేను వాళ్లనే అడిగాను, ఈ మొత్తంలో మీకు కొత్తగా తెలిసిందేమిటని. ఒకమ్మాయి వెంటనే అంది: "చినుకుల రోజు, సార్. అట్లయితదని మాకు తెల్వదు." తెలియంది తెలిసిన రోజునే చార్టులోంచి తీసేస్తే ఇక ప్రదర్శనకు ఏం తీసుకెళ్తాం? గ్రాఫు మెలికలతోనే వెళ్లింది. చినుకుల రోజు దగ్గర ఎర్ర స్కెచ్ పెన్‌తో సున్నా చుట్టి, పక్కన "ఎందుకు?" అని రాశారు.

బల్ల మీద తుడిచిన ప్యానెల్, దుమ్ము ప్యానెల్ రెండూ పెట్టారు. మర్నాడు ప్రారంభోత్సవానికి అతిథులు వస్తున్నారని పొద్దున్నే హాలు శుభ్రం చేసినవాళ్లెవరో దుమ్ము ప్యానెల్‌ను కూడా తళతళలాడేలా తుడిచేశారు. వచ్చి చూసుకున్న పిల్లలకు కళ్ల నీళ్లొక్కటే తక్కువ. నాకూ టెన్షన్ వచ్చింది. అయినా వాళ్లే తేరుకున్నారు. ఒక కాగితం ముక్క మీద "ఈ ప్యానెల్ మీద ఉన్న దుమ్మును పొద్దున తుడిచేశారు, దుమ్ము లెక్కలు పుస్తకంలో ఉన్నాయి" అని రాసి అతికించి, లాగ్ బుక్ తెరిచి ముందు పెట్టారు. ఆ రోజు ఆ బల్ల దగ్గర ఆగిన ప్రతి ఒక్కరూ ఆ చీటీ చదివి పుస్తకం తిప్పి చూశారు. మోడల్ విరిగిపోతే ప్రాజెక్టే పోయేది. కొలతలు ఉన్నాయి కాబట్టి ప్రాజెక్టు నిలబడింది.

పరికరాలు ఎక్కడివి?

దీనికి నాకు ఎదురయ్యే అభ్యంతరాల్లో గట్టిది ఇది. మల్టీమీటర్ కొనలేని బడులున్నాయి. ల్యాబ్ బీరువా తాళంచెవి ఎక్కడుందో తెలియని బడులున్నాయి. థర్మోకోల్ షీటు, రంగులు మాత్రం ఎక్కడైనా దొరుకుతాయి. కొలవండి అని చెప్పడం ఉన్నవాళ్లకు చెప్పే మాట కాదా?

కాదనే అంటాను, ఎందుకంటే ఎనర్జీ విషయంలో ఒక మంచి పరికరాన్ని విద్యుత్ శాఖే ప్రతి ఇంటి గోడకు బిగించి వెళ్లింది. కరెంటు మీటర్. దాని మీద ఒక ఎర్రలైటు మిణుకుమంటూ ఉంటుంది. పక్కనే యూనిట్‌కు ఇన్ని మెరుపులు అని ఒక అంకె రాసి ఉంటుంది. మా వైపు చాలా ఇళ్లలో అది 3200. అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఒక యూనిట్‌లో 36 లక్షల జౌళ్లు కాబట్టి ఒక్కో మెరుపు 1125 జౌళ్లు. రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ను దానితో భాగిస్తే ఆ క్షణాన ఇంట్లో ఎన్ని వాట్లు నడుస్తున్నాయో తెలిసిపోతుంది. పదిహేను సెకన్లు పడితే 75 వాట్లు, అంటే పాత ఫ్యాన్ ఒక్కటే నడుస్తోంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే వేస్తే రెండు నిమిషాల మీద ఐదు సెకన్లు ఆగాలి. ఇండక్షన్ స్టవ్ పెడితే సెకనుకు దాదాపు రెండు మెరుపులు, ఒక్కొక్కటీ పట్టుకోలేం. ఇరవై మెరుపులకు ఎంతసేపు పట్టిందో చూసి భాగించాలి. మీటర్ మీద 1600 అని ఉంటే 1125 బదులు 2250 వేసుకోవాలి. కావలసినవి ఫోన్లో స్టాప్‌వాచ్, ఒక నోట్‌బుక్, కాస్త ఓపిక.

ఇందాకటి అమ్మాయి అడుగులు మళ్లీ గుర్తుచేసుకోండి. ఏమీ నష్టపోకుండా పట్టుకోగలిగినా, ఆ ఎర్రలైటు ఒక్కసారి మెరవడానికి ఐదు వందల పైచిలుకు అడుగులు కావాలి. ఇంట్లో మీటర్ చూసిన పిల్లలకు ఆ పోలిక ఒక్కసారి చెబితే చాలు.

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ పని మొదలుపెట్టించాను. ఒకడు మర్నాడే వచ్చి "సార్, మా మీటర్ ఖరాబైంది. అన్నీ బంద్ చేసినా కొట్టుకుంటుంది" అన్నాడు. ఎంతసేపటికోసారి అంటే రెండు నిమిషాలకు కాస్త తక్కువన్నాడు. లెక్క వేస్తే పది వాట్లు. ప్లగ్గులు ఒక్కొక్కటే తీస్తూ చూడమని పంపాను. టీవీ కింద ఉన్న సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గు తీయగానే ఆగిపోయిందట. టీవీని రిమోట్‌తో ఆపుతారు, కింద పెట్టె మాత్రం పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది. పది వాట్లు నెలంతా నడిస్తే 7 యూనిట్ల పైనే. వాడి చార్టుకు వాడే పేరు పెట్టుకున్నాడు: "అన్నీ బంద్ చేసినా మీటర్ ఎందుకు కొట్టుకుంటుంది?" అంతకన్నా మంచి శీర్షిక నేను రాసి ఇవ్వలేను.

ఇందులో ఇంకో సంగతి కూడా తెలిసింది. కొందరు తల్లిదండ్రులు మీటర్ దగ్గర పిల్లలు కూర్చోవడానికి ఒప్పుకోలేదు. "మేమేదో కరెంటు దొంగతనం చేస్తున్నట్టు నలుగురూ అనుకుంటరు, సార్" అన్నారొకరు. వాళ్ల భయం వాళ్లది. అప్పటినుంచి చార్టుల మీద ఇంటి పేరు గానీ, సర్వీస్ నంబరు గానీ రాయనివ్వడం లేదు. ఇల్లు-1, ఇల్లు-2 అని రాయిస్తున్నాను. ఇంకో జాగ్రత్త కూడా గట్టిగా చెబుతాను. పిల్లలు మీటర్‌ను దూరం నుంచి చూడటమే తప్ప వైర్లు, ఫ్యూజులు ముట్టుకోకూడదు. ప్లగ్గులు కూడా స్విచ్ ఆపాక పెద్దవాళ్ల సమక్షంలోనే తీయాలి.

ఎవరు ఆగుతారు?

తోటి టీచర్ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. హాల్లో వందల మంది తిరుగుతుంటారు. వచ్చిన అతిథి ఒక్కో బల్ల దగ్గర నిమిషం కూడా ఆగడు. తిరిగేది, వెలిగేది కంటిని లాగుతుంది. ఇది కాదనలేని మాట. పిల్లలకు చేతులతో ఏదో ఒకటి చేయడంలో ఉన్న ఆనందం కూడా నిజమే. మోటారుకు వైరు కలిపి, అది మొదటిసారి తిరిగినప్పుడు వాళ్ల ముఖాలు చూసినవాళ్లెవరూ మోడల్ వద్దనరు. నేనూ అనను.

1845 ప్రాంతంలో జౌల్ అనే శాస్త్రవేత్త చేసింది కూడా ఒక మోడలే అనుకోవచ్చు. బరువు కిందికి దిగుతుంది, నీళ్లలో తెడ్లు తిరుగుతాయి. చూడటానికి మన బల్లల మీద పెట్టదగ్గ వస్తువే. తేడా ఎక్కడంటే, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో చూడటానికి అతను డిగ్రీలో అతిచిన్న భాగాన్ని కూడా చూపే థర్మామీటర్ పెట్టుకుని, మళ్లీ మళ్లీ చేశాడు. తెడ్లు తిరగడం చూసి చప్పట్లు కొట్టించుకుని ఊరుకుని ఉంటే ఇవాళ మనం శక్తిని అతని పేరుతో కొలిచేవాళ్లం కాదు. కాబట్టి నా గొడవ మోడల్‌తో కాదు. అంకె చెప్పని మోడల్‌తో.

మరి జనం ఆగుతారా? మా వైపు నా అనుభవం చెబుతాను. నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం వచ్చినప్పటినుంచి, అంటే 2024 మార్చి నుంచి, ఆ 200 యూనిట్ల గీత ఇళ్లలో పెద్ద విషయమైపోయింది. దాటితే ఆ నెల జీరో బిల్లు రాదు. ఏప్రిల్, మే నెలల్లో ఆడవాళ్లు రీడింగ్ తేదీ లెక్కపెట్టుకుంటున్నారు. మా పిల్లలు ఒక చార్టు మీద సాదాగా ఇలా రాశారు: మూడు పాత ఫ్యాన్లు రోజుకు పద్నాలుగు గంటలు తిరిగితే నెలకు సుమారు 95 యూనిట్లు. అవే 30 వాట్ల కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 38. పాత పెట్టె రెగ్యులేటర్‌తో ఫ్యాన్ వేగం తగ్గిస్తే మీటర్ మీద లైటు కాస్తే నెమ్మదిస్తుంది, ఎందుకంటే మిగిలింది ఆ పెట్టె వేడిగా ఊదేస్తుంది. ఆ చార్టు దగ్గర తిరిగేదేదీ లేదు. కానీ పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు, మధ్యాహ్న భోజనం వండే అక్కలు, హాలు కాపలా ఉన్న పోలీసాయన కూడా ఆగారు. "ఫ్రిజ్‌కు ఎంతయితది బిడ్డా? రాత్రి ఆపేస్తే మిగుల్తదా?" అని అడిగారు. పిల్లలు తాము కొలిచింది చెప్పారు, కొలవనిది కొలవలేదని చెప్పారు. ఒకామె తన ఇంటి మీటర్ ఫొటో ఫోన్లో చూపించి, దాని మీద అంకె ఎక్కడుందో అడిగి మరీ తెలుసుకుంది.

తమ ఇంటి ప్రశ్నకు జవాబు ఉందనిపిస్తే జనం నిలబడి చదువుతారు. అది నేను కళ్లారా చూశాను. అయితే ఇది అన్నిచోట్లా ఇంత బాగా నడుస్తుందని అనలేను. రాష్ట్ర స్థాయికి వెళ్లాక అక్కడి న్యాయనిర్ణేతలకు 200 యూనిట్ల ఆరాటం ఉండదు. వాళ్లు "కొత్తదనం ఏముంది?" అని అడుగుతారు. మా అమ్మాయిల దుమ్ము ప్యానెల్‌కు ఎదురైన ప్రశ్న అదే. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని అందరికీ తెలిసిందే కదా అన్నారు. మా రోడ్డు మీద, మా బొగ్గు దుమ్ముతో, ఏ వాన కడుగుతుందో ఏ వాన చెడగొడుతుందో అందరికీ తెలియదు అని వాళ్లు చెప్పుకోగలిగారు. ఇంకో ఏడాది ఇంకో పిల్లలు అంత ధైర్యంగా చెప్పలేకపోయారు. కొత్తదనం అంటే ఎవరూ చూడని యంత్రం అనే అభిప్రాయం మూల్యాంకనం చేసేవాళ్లలో మారకపోతే గైడ్ టీచర్లను మాత్రమే అని లాభం లేదు.

దొంగ రీడింగులు

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే సందేహం ఇది. లాగ్ బుక్‌కే విలువ అంటే లాగ్ బుక్‌లు తయారవుతాయి. ఇప్పటికే తయారవుతున్నాయి. ఒకే పెన్నుతో, ఒక్కసారే కూర్చుని, కొట్టివేత ఒక్కటి లేకుండా నలభై రోజుల రీడింగులు రాసిన పుస్తకాలు నా చేతికి వచ్చాయి. ఆదివారాలు, దసరా సెలవులు కూడా బడిలో రీడింగ్ తీసినట్టు ఉంది. పొరపాటు రీడింగులకు విలువ ఇవ్వాలని నేను ఒక శిక్షణలో చెబితే, ఆ తర్వాత ఒక పిల్లవాడు "సార్, ఒకటి తప్పు రీడింగు కూడా పెట్టమన్నరు" అని అమాయకంగా చెప్పాడు. ఆ మాట విని చాలాసేపు ఏమీ తోచలేదు.

ఏ కొలబద్ద పెట్టినా దాన్ని దాటే దారి వెతుకుతాం. అయినా మోడల్‌కు, కొలతకు ఈ విషయంలో ఒక తేడా ఉంది. కొన్న మోడల్ పక్కన నిలబడి పాఠం ఒప్పజెప్పవచ్చు. కొలత అయితే "ఇప్పుడు నా ముందు ఒకసారి తీసి చూపించు" అనవచ్చు. నిజంగా తీసిన పిల్లలకు చేతులు అలవాటై ఉంటాయి. మల్టీమీటర్ ఏ గుర్తు మీదకు తిప్పాలో వెతుక్కోరు. స్టాప్‌వాచ్‌ను మెరుపు పడగానే నొక్కుతారు. ఒకసారి తీసి ఊరుకోరు, "సార్, ఇంకోసారి చూద్దాం" అంటారు. కల్పించిన లాగ్ బుక్ అక్కడ రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

కాబట్టి బల్ల మీద లాగ్ బుక్ పక్కనే కొలిచే పరికరం పనిచేస్తూ ఉండాలి. వచ్చినవాళ్లు తామే ఒక రీడింగ్ తీసి, పుస్తకంలో చివరి పేజీలో రాసి వెళ్లాలి. అప్పుడు పిల్లవాడు ఒప్పజెప్పేవాడుగా కాక నేర్పేవాడుగా నిలబడతాడు. మిగిలిన తయారీ పెద్ద పనేమీ కాదు. చార్టు మీద ప్రశ్న ఒకటి పెద్ద అక్షరాల్లో, ఒక గ్రాఫు, తాము కొలిచిన అంకెలు నాలుగైదు, అర్థం కానిది ఒకటి. తెలుగులోనే రాయనివ్వండి. ఇంగ్లిష్‌లో రాసి ఇచ్చిన ఫ్లెక్సీ ముందు మన పిల్లలు నోరు విప్పరు. అక్షరాలు వంకరగా ఉన్నా వాళ్లవే ఉండనివ్వండి. బొమ్మ బాగోలేదని మనం స్కెచ్ పెన్ తీసుకున్నామంటే ఆ పిల్ల తన బల్ల నుంచి ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. ఇది నేను చాలాసార్లు గమనించాను.

ఈసారి జిల్లా స్థాయి నిర్వాహకులను ఒకటి అడగబోతున్నాను. హాల్లో ఒక బల్ల మీద చెక్క బోర్డుకు సింగిల్ ఫేజ్ మీటర్, కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే ఎంసీబీ స్విచ్, ఒక సాకెట్ బిగించి పెట్టాలి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియనే బిగించాలి, ఒక టీచరు పక్కనే ఉండాలి. ఏ బడి పిల్లలైనా తమ బల్బునో, ఫ్యాన్‌నో, చార్జర్‌నో దానికి పెట్టించి అందరి ముందూ కొలవవచ్చు. బ్యాటరీ, ప్యానెల్ ప్రాజెక్టులకు రెండు మల్టీమీటర్లు ఉంచితే సరిపోతుంది. మూల్యాంకన పత్రంలో "నా ముందు తీసిన రీడింగ్" అని ఒక గడి ఉండాలని కూడా అడుగుతాను. మీ జిల్లాలో ఇలాంటి బోర్డు ఎవరైనా పెట్టి చూసి ఉంటే ఖర్చెంతైంది, హాల్లో కరెంటు పోయినప్పుడు ఏం చేశారు, జనం ఎక్కువైతే వరుస ఎలా నడిపారు అన్నవి రాయండి. నవంబరు లోపు మా దగ్గర తేల్చుకోవాలి.